నల్లేరవ్వ ముక్కు దీవెన

అనగనగా ఒక అడవిలో ఒక గురక ఉండేది.

నవ్వకండర్రా! పులి ఉండేది, నక్క ఉండేది అంటే నోరు మూసుకుని వింటారు, గురక అనగానే ఇకిలిస్తారేం? కథ మధ్యలో ఊ కొట్టండి. మీరు ఊ కొట్టడం ఆపితే నేను చెప్పడం ఆపేస్తాను. ముందే చెబుతున్నా.

సరే. ఆ అడవి నడుమ ఒక మడుగు. మడుగు ఒడ్డున ఒక గేదెల మంద. ఎండ నెత్తికెక్కగానే మందంతా మడుగులో దిగి, మెడ దాకా మునిగి, కళ్లు మూసుకునేది. ఇంక చూసుకోండి! గుర్ర్... గుర్ర్... అని ముప్ఫై గేదెలు ఒక్కసారిగా గురక తీసేవి. ఒడ్డున ఉన్న చెట్ల మీద పిట్ట వాలేది కాదు. కొండ అవతల నెమళ్లకు కూడా ఆ గురక వినపడేది.

ఆ గురకంటే ఆ గేదెలకు ఎంత గొప్పో! "గురక పెట్టని గేదె కూడా ఒక గేదేనా?" అనేవి. దూడ మొదటిసారి గుర్రుమంటే మందంతా సంబరపడేది. ముక్కులోంచి చీమిడి బొటబొటా కారుతుంటే, "అబ్బ, ఎంత పుష్టిగా ఉందో!" అని మురిసిపోయేది.

మందకు పెద్ద నల్లేరవ్వ. ముసలిదైపోయింది. కొమ్ములు వంగి చెవుల కిందకి వచ్చేశాయి. మోకాళ్లు పట్టేశాయి. మడుగులో దిగితేనే ఆ మోకాళ్లకు కాస్త సుఖం. దూడలంటే మాత్రం ఆవిడకు ప్రాణం. వాన పడితే దూడ మీద చినుకు పడకుండా తను అడ్డం నిలబడేది. అందుకే అవ్వ మాటంటే మందలో అందరికీ వేదవాక్కు.

ఆ మందలో ఒక ఆచారం ఉండేది. దూడ పుట్టిన ఇరవై ఒకటో రోజు "ముక్కు దీవెన" చేసేవారు. దూడను మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టేవారు. నల్లేరవ్వ ఎదురుగా నిలబడి, ఊపిరి బాగా పీల్చి, దూడ చుట్టూ నీళ్లలోకి బుస్స్‌మని ముక్కు చీదేది. "నీ గురక కొండ దాటాలే, నా తల్లీ!" అనేది. ఆవిడ తరవాత మిగతా పెద్దలు వరసగా వచ్చి, తలా ఒకసారి బుస్స్‌మని చీది వెళ్లేవారు.

ఛీ అంటారా? నిన్న చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నది ఎవరో చెప్పమంటారా? ఊరుకోండి మరి.

నల్లేరవ్వకు ఒక కూతురు. పేరు కాటుక. కాటుక మొదటి దూడ తుమ్మి. తుమ్మికి ఇరవై ఒకటో రోజున ఘనంగా దీవెన జరిగింది. ఏడాది తిరక్కుండానే గుర్రుమన్నాడు. అందరూ సంబరపడ్డారు. కానీ నెలలు గడిచేకొద్దీ తుమ్మికి ముక్కు మూసుకుపోయింది. నోటితో ఊపిరి తీసుకోవాలంటే మేత మానాలి, మేత మేయాలంటే ఊపిరి ఆపాలి. పాపం ఏం చేస్తాడు? డొక్కలు బయటపడ్డాయి.

ఒక మధ్యాహ్నం మందంతా మడుగులో పడుకుని గుర్రుగుర్రుమంటోంది. ఆ గురకల మధ్యలో తుమ్మి గురక ఆగిపోయింది. అంత మోతలో పక్కనే ఉన్న కాటుకకు కూడా ఆ సంగతి తెలియలేదు. ఎండ వాలాక లేపబోతే తుమ్మి లేవలేదు.

ఊ... అవునమ్మా, చచ్చిపోయాడు. ఏడవకు. ఇంకా కథ ఉంది.

ఆ రోజు నుంచి కాటుకకు గురక వింటే ఒళ్లు మండేది. ఆవిడ తిన్నగా చేదు మామ దగ్గరికి వెళ్లింది. చేదు మామ అంటే ఒక ముసలి కొండముచ్చు. అడవికంతటికీ ఆయనే వైద్యుడు. ఆయన ఏ మందిచ్చినా చేదే, అందుకే ఆ పేరు.

"మామా, గురక పుష్టికి గుర్తు అంటారు. మరి నా కొడుకు అలా ఎండిపోయాడేం?" అని అడిగింది కాటుక.

"గురక పుష్టి కాదమ్మాయ్, రోగం," అన్నాడు చేదు మామ. "ముక్కు లోపల సన్నటి పురుగులు చేరి పుళ్లు పెడతాయి. మడుగులో చిన్న చిన్న నత్తలున్నాయి చూడు, ఆ పురుగు పిల్లలు వాటి కడుపులోంచి బయటికొచ్చి, నీళ్లలో ఉన్న మీ చర్మంలోంచి లోపలికి దూరతాయి. అయితే అసలు అవి నత్త కడుపులోకి ఎలా వస్తున్నాయో..."

ఆ మాట పూర్తి కానిస్తేగా! వెనకే వచ్చి నిలబడ్డ దున్నపోతు బండరాయుడు తోక పైకెత్తాడు. "నత్తలా! నత్తల వల్లా ఇదంతా! పదండ్రా!" అని రంకె వేశాడు.

సగం మాట విని పరిగెత్తడం మీకొక్కరికే వచ్చనుకోకండి.

మందంతా మడుగు మీద పడింది. నాలుగు రోజులు తొక్కిందే తొక్కింది. గుల్లలు పటపటమని పగిలాయి. నీళ్లు బురదైపోయాయి. "పీడ వదిలింది!" అన్నాడు బండరాయుడు. అదే బురద నీళ్లలో పడుకుని, అదే నీళ్లలో ముక్కులు చీది, హాయిగా నిద్రపోయారు. వానలు పడ్డాయి. నాచులో మిగిలిన నాలుగు నత్తలు నాలుగు వందల గుడ్లు పెట్టాయి. గురక మళ్లీ కొండ దాటింది.

ఆ ఏడే కాటుకకు రెండో దూడ పుట్టాడు. పేరు బొగ్గు. వాడికీ దీవెన చేశారు. వాడూ గుర్రుమన్నాడు. ఈసారి కాటుక ఆలస్యం చెయ్యలేదు. చేదు మామ గట్టిగా గురక పెట్టే అయిదుగురిని ఎంచి, ఏదో బెరడు నూరి ఉండలు చేసి మింగించాడు. బొగ్గు ఆ చేదుకు గిలగిల్లాడిపోయాడు. కానీ నెల తిరిగేసరికి వాడి ముక్కు తెరుచుకుంది.

కాటుక సంతోషం ఎన్నాళ్లు? బొగ్గు మళ్లీ అదే మడుగులో దిగాడు. చలికాలం వచ్చేసరికి మళ్లీ గుర్రు. మిగతా నలుగురిదీ అదే కథ.

"చిల్లికుండలో నీళ్లు పోసినట్టయింది," అని చేదు మామ తల పట్టుకున్నాడు.

ఇక మూడో ఏడు. కాటుకకు మూడో దూడ పుట్టింది. ఆడపిల్ల. నల్లగా, నున్నగా ఉందని మినుము అని పేరు పెట్టారు. కాటుక దాన్ని నాకుతూ, దాని ముక్కు దగ్గర చెవి పెట్టి వినేది. చప్పుడే లేదు. గాలి వస్తోంది, పోతోంది, అంతే. "భగవంతుడా, ఇది ఇలాగే ఉండాలి," అని కాటుక దండం పెట్టుకుంది.

ఇరవై ఒకటో రోజు దగ్గర పడుతోంది. కాటుకకు తిండి సయించడం లేదు. పంతొమ్మిదో రోజు పొద్దున్నే ఆవిడ ఒక్కతే మడుగు ఒడ్డుకు వెళ్లి మోకరించింది. నాచు తీగను అంటిపెట్టుకుని ఒక ముసలి నత్త ఉంది. పేరు గుల్లయ్య. కాటుక ముట్టె దగ్గరికి రాగానే చటుక్కున లోపలికి ముడుచుకున్నాడు.

"తొక్కడానికి రాలేదు నాయనా," అంది కాటుక. "అడగడానికి వచ్చాను. నా పిల్లల్ని ఎందుకు చంపుతున్నారు మీరు?"

గుల్లయ్య నెమ్మదిగా తల బయటపెట్టాడు. "మూడేళ్లకు ఒక్కరు అడిగారమ్మా! తొక్కినవాళ్లే గానీ అడిగినవాళ్లు లేరు. మేము చంపడమేమిటి? చచ్చేది మేమూనూ. నా పొట్ట చూడు, సగం లేదు."

"అదేంటి?"

"మీరు బుస్స్‌మని ముక్కు చీదుతారే, ఆ చీమిడిలో కంటికి కనపడని గుడ్లుంటాయి. నీళ్లు తగలగానే పగులుతాయి. లోపలి పిల్లలు ఈదుకుంటూ వచ్చి మా ఒంట్లో దూరతాయి. మా పొట్ట తిని, ఒకటికి వందై, ఎండెక్కగానే బయటికి పోతాయి. ఎక్కడికి పోతాయి? మడుగులో దిగిన మీ ఒంట్లోకే. మీరు మాకిస్తున్నారు, మేము మీకిస్తున్నాం. మీరు దీవెన పెట్టుకున్న రోజున మాకు చావు మేళం తల్లీ."

కాటుక లేచి మందలోకి పరుగున వెళ్లింది.

మందలో ఒక గోరింక ఉండేది. పేరు తాయారు. పొద్దస్తమానం గేదెల నెత్తి మీద కూర్చుని పురుగులు ఏరుకు తింటూ, అడవిలో కబుర్లన్నీ చెప్పేది. వసపిట్ట అంటారే, అలాంటిది.

"తాయారూ, నాకొక సాయం చెయ్యి," అంది కాటుక. "అందరి ముక్కుల్లోకీ తొంగి చూసి, ఎవరికి పుళ్లున్నాయో చెప్పు."

"ఓస్, ఇంతేనా!" అని తాయారు తుర్రుమంది. ఒక్కొక్కరి ముట్టె మీద వాలి లోపలికి చూసింది. సాయంత్రానికి తిరిగొచ్చి కాటుక వీపు మీద కూర్చుంది. నోరు మెదపలేదు. తాయారు నోరు మూసుకోవడమే! కాటుకకు భయమేసింది.

"చెప్పవే. ఎంతమందికి?"

"ఇంచుమించు అందరికీ ఉన్నాయక్కా."

"అందరికన్నా ఎక్కువ ఎవరికి?"

తాయారు రెక్కలు ముడుచుకుంది. "మీ అమ్మకు," అంది.

కాటుక తల్లి వైపు చూసింది. అమ్మది ముసలి ఒళ్లయినా గట్టి ఒళ్లు. ఇన్నేళ్లుగా రోగాన్ని మోసేస్తోంది. లేత ఒళ్లు మోయలేక తుమ్మి పోయాడు. మందలో ప్రతి దూడ చుట్టూ మొట్టమొదట ముక్కు చీదింది అమ్మే. ఈ మాట అమ్మకు ఎలా చెప్పడం? చెప్పకపోతే ఎల్లుండి మినుమును నీళ్లలో నిలబెడతారు.

మర్నాడు పొద్దున చెప్పేసింది. గుల్లయ్య మాట, తాయారు మాట, ఏదీ దాచలేదు.

నల్లేరవ్వకు కోపం నషాళానికి అంటింది. ముందు తాయారు మీద పడింది. "ఎద్దు పుండు కాకికి ముద్దని, నా ముక్కులో నీకేం పనే, పిట్టముండా?" అంది. తరవాత కూతురి మీద. "ఈ మందలో నా దీవెన అందని బిడ్డ ఉందా? నువ్వు పుట్టినప్పుడు నీకు దీవెన పెట్టింది ఎవరు? నత్త చెప్పిందట, ఈవిడ విందట!"

"నన్ను తిట్టమ్మా, పడతాను," అంది కాటుక. "మినుము ముక్కు దగ్గర ఒక్కసారి చెవి పెట్టి విను. తరవాత నీ ఇష్టం."

నల్లేరవ్వ విసవిసా వెళ్లిపోయింది. కానీ ఆ మధ్యాహ్నం ఆవిడ మడుగులోకి దిగలేదు. ఒడ్డునే కూర్చుంది. మందంతా నీళ్లలో గుర్రుమంటోంది. మినుము ఒక్కతే గట్టున గడ్డిలో పడుకుంది. అవ్వ వెళ్లి దాని ముక్కు దగ్గర చెవి పెట్టింది. ఏమీ వినపడలేదు. అప్పుడు తన ఊపిరి తను విన్నది. గుర్ర్... గుర్ర్... లోపల ఏదో అడ్డం పడుతోంది. ఇన్నేళ్లలో ఆవిడ తన గురకను ఎప్పుడూ అలా వినలేదు.

తుమ్మి గుర్తొచ్చాడు. వాడి చుట్టూ తను బుస్స్‌మని చీదినప్పుడు వాడు భయపడి తన కాళ్ల సందున దూరాడు. తను నవ్వింది. అది గుర్తొచ్చి నల్లేరవ్వకు దుఃఖం ఆగలేదు. ఎవరూ చూడకుండా చాలాసేపు ఏడ్చింది.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. మందంతా చేరింది. చేదు మామ కూడా వచ్చి చెట్టెక్కి కూర్చున్నాడు. మినుము కొత్త నీళ్లు చూసి గంతులేస్తోంది. నల్లేరవ్వ నీళ్ల అంచు దాకా నడిచింది. ఊపిరి బాగా పీల్చింది. కాటుక కళ్లు మూసుకుంది.

అవ్వ ఆ ఊపిరి అలాగే బిగబట్టి వెనక్కి తిరిగింది. గట్టెక్కి, గడ్డిలో దూరంగా వెళ్లి ముక్కు చీదింది. తిరిగొచ్చి మంద ముందు నిలబడింది.

"ఇవాళ్టి నుంచి ముక్కు దీవెన లేదు," అంది.

ముప్ఫై గేదెలూ కొయ్యబారిపోయాయి. మొదట తేరుకున్నది బండరాయుడు. "అదేంటవ్వా! తాతల నాటి ఆచారం! దీవెన లేకపోతే దూడ బతికి బట్టకడుతుందా?"

"దీవెన పెడితే తుమ్మి బతికాడురా?" అంది అవ్వ.

అవ్వ మందంతటి వైపూ తిరిగింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనం పోయి నత్తల్ని తొక్కాం. దొంగ ఇక్కడుంది, ఈ ముక్కులో. నా ముక్కులోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి నత్తలోకి, నత్తలోంచి మన పిల్లల్లోకి. తుమ్మిని నా దీవెనే తినేసింది. ఇంకా ఎంతమందిని తిన్నదో!"

"తెలిసి చెయ్యలేదుగా అమ్మా," అంది కాటుక.

"తెలియక చేసింది నిన్నటితో సరి. ఇవాళ చేస్తే తెలిసి చేసినట్టే."

అవ్వ వంగి, గట్టు మీదే, పొడి నేల మీదే మినుము నుదురు నాలుకతో నాకింది. "నీ ఊపిరి నీకే వినపడకూడదే, నా తల్లీ!" అని దీవించింది. ఆ తరవాత చెట్టు వైపు చూసింది. "చేదు మామా, ఇక నువ్వు చెప్పు. ఈసారి నీ మాట పూర్తయ్యేదాకా ఎవరు కదిలినా నా కొమ్ములు చూస్తారు."

చేదు మామ కిందకి దిగాడు. జీవితంలో మొదటిసారి ఆయన మాట ఆఖరి దాకా విన్నారు. గురక ఉన్నా లేకపోయినా ఒకే రోజున అందరూ మందు మింగాలి. మళ్లీ వానలు వచ్చి వెళ్లేదాకా ఎవరూ మడుగులో దిగకూడదు. నీళ్లు కావాలంటే రాళ్ల మీద నుంచి పారే పైవాగుకు పోవాలి. ఆ నత్తలు పారే నీళ్లలో నిలవవు.

"మరి మడుగులో ఉన్న నత్తలో?" అని అడిగాడు బండరాయుడు.

"వాటికి బాతుల్ని పిలుద్దాం. నాచు మా కొండముచ్చులం లాగేస్తాం."

బాతుల మాట వినగానే కాటుక నాచు వైపు చూసి, "గుల్లయ్యా, ఏమీ అనుకోకు నాయనా," అంది.

"బాతులు మమ్మల్ని తినడం లోకం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే," అన్నాడు గుల్లయ్య. "మీ చీమిడి ఆగితే మిగిలినవాళ్లం పొట్ట నిండుగా బతుకుతాం. నాకది చాలు."

మర్నాడే మందు పంపకం. ఒక్కొక్కరూ ముఖం వికారంగా పెట్టి మింగారు. నల్లేరవ్వ అందరికన్నా ముందు మింగి, "ఇంకొకటి ఉందా?" అని అడిగింది. అది గొప్పకే లెండి. వెనక్కి తిరిగి, చేదు పోవడానికి ఎంత పుల్లాకు నమిలిందో నాకు తెలుసు.

బాతులు దిగాయి. క్వాక్‌మని ఒకటే సందడి. కొండముచ్చులు కొమ్మలతో నాచు లాగి ఎండలో పడేశాయి. గేదెలు పొద్దున్నే పైవాగుకు ఎక్కి నీళ్లు తాగి, ఒళ్లు తడుపుకుని వచ్చేవి. చెప్పినంత తేలిక కాదర్రా. గేదెకు మడుగు లేని ఎండాకాలం అంటే మాటలా? వీపులు పేలిపోయాయి. ఎదురుగా నీళ్లు తళతళలాడుతుంటే ఎన్నిసార్లు నోరూరిందో!

అందరికన్నా కష్టం నల్లేరవ్వకు. రాళ్ల దారిలో ఆ మోకాళ్లతో పొద్దున ఒక్కసారే ఎక్కగలిగేది. దిగి వచ్చి, రోజంతా మడుగు గట్టు మీదే కాపలా కూర్చునేది. కాళ్లకు నాలుగు అడుగుల దూరంలో నీళ్లు. కాళ్లు సలుపుతున్నా ఆవిడ ఒక్క గిట్ట కూడా తడుపుకోలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం బండరాయుడు పొదల చాటు నుంచి మెల్లగా మడుగు వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?" అంది అవ్వ, కళ్లు తెరవకుండానే.

"ఒక్క మునక అవ్వా! ఒక్కటంటే ఒక్కటి. మందు మింగాను, రోగం పోయింది, నా వల్ల ఇంకేం ముప్పు?"

"రోగం పోతే ఆ గుర్రుగుర్రు ఏమిటి మరి?"

బండరాయుడు ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపు బిగబడతాడు? గుర్ర్‌మంది. సరిగ్గా అప్పుడే తాయారు ఎగిరొచ్చింది. దాని ముక్కున ఒక ఎండిపోయిన మందు ఉండ.

"అవ్వా, ఇది తంగేడు పొద వెనక దొరికింది. ఉమ్మేసినట్టుంది. చుట్టూ ఈ మహానుభావుడి గిట్టల గుర్తులే!"

మందంతా చేరింది. బండరాయుడి తల వేలాడిపోయింది. "చేదవ్వా! నాలిక కింద పెట్టుకుని వెళ్లి ఉమ్మేశాను," అన్నాడు.

"దున్నపోతు మీద వాన కురిసినట్టు ఇన్నాళ్లూ చెప్పిందంతా ఇదేనన్నమాట!" అంది అవ్వ. "పులి వస్తే ఎదురు నిలబడతావు. రేగుపండంత ఉండకు భయమా?"

బొగ్గు ముందుకొచ్చాడు. "నేను రెండుసార్లు మింగాను మావయ్యా," అన్నాడు. "కళ్లు మూసుకుని మింగితే చేదు తొందరగా అయిపోతుంది."

అందరూ గొల్లుమన్నారు. అవ్వ మాత్రం నవ్వలేదు. "నవ్వులాట కాదురా బండా. ఇరవై తొమ్మిది ముక్కులు బాగుపడి నీ ఒక్క ముక్కు మిగిలిందనుకో. నువ్వు ఒక్క మునక వేస్తావు. మళ్లీ మొదటికొస్తాం. ఈ ఎండలో నేను కూర్చున్నదంతా గంగలో కలుస్తుంది. తుమ్మికి నువ్వంటే ఎంత ఇష్టం! నీ కొమ్ముల మధ్య పడుకునేవాడు."

బండరాయుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేదు మామ ఇచ్చిన కొత్త ఉండను అందరి ముందూ నోట్లో వేసుకున్నాడు. గుటుక్కున మింగి, నోరు బార్లా తెరిచి, నాలిక ఎత్తి చూపించాడు. ఆ తరవాత తనే వచ్చి అవ్వ పక్కన కాపలా కూర్చున్నాడు, ఎండ ఆవిడ మీద పడకుండా.

వానలు వచ్చాయి, వెళ్లాయి. చేదు మామ మూడుసార్లు అందరి ముక్కులూ చూశాడు. మొదటిసారి నలుగురికి పుళ్లు మిగిలాయి. మళ్లీ మందిచ్చాడు. రెండోసారి ఒక్క నల్లేరవ్వకే మిగిలింది. పాతది కదా, తొందరగా వదల్లేదు. ఆవిడ మారు మాట్లాడకుండా మళ్లీ మింగింది. మూడోసారి ముప్ఫై ముక్కులూ శుభ్రం.

అయినా అవ్వ తొందరపడలేదు. ఒడ్డున వంగి, "గుల్లయ్యా, నీ పిల్లలెలా ఉన్నారు?" అని అడిగింది.

గుల్లయ్య అప్పటికి లేడు. అతని మనవడు తల బయటపెట్టాడు. "బాతులు పట్టుకుపోయినవాళ్లు పోయారవ్వా. మిగిలినవాళ్లందరికీ పొట్టలు నిండుగా ఉన్నాయి. లోపల ఏమీ కదలడం లేదు," అన్నాడు.

అప్పుడు మడుగు తెరిచారు. అయితే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ముక్కు చీదాలన్నా, పేడ వెయ్యాలన్నా గట్టు మీదే. ఆ సంగతి చూసే పెత్తనం ఎవరికిచ్చారనుకున్నారు? బండరాయుడికి! వాడంత కచ్చితంగా చూసేవాడు ఇంకొకడు లేడు.

నీళ్లలో ముందు దిగే హక్కు మంద పెద్దకే ఉంది. కానీ నల్లేరవ్వ అందరికన్నా ముందు మినుమును దింపింది. తరవాత బొగ్గును. ఆఖరున తను దిగి, మోకాళ్లు మడిచి, "హమ్మయ్య!" అంది. ఆ హమ్మయ్యకు ఏడాదిన్నర పట్టింది.

మందంతా కళ్లు మూసుకుంది. ఎండ నెత్తికెక్కింది. చప్పుడు లేదు. కొండ అవతల నుంచి ఒక నెమలి హడావిడిగా పరిగెత్తుకొచ్చింది.

"ఏమయ్యారర్రా మీరంతా? చాలా రోజులుగా గురక వినపడక, మంద అడవి వదిలిపోయిందేమో అనుకున్నాం!" అని అరిచింది.

"ష్!" అంది నల్లేరవ్వ. "పిల్లలు పడుకున్నారు."

నెమలి నోరు మూసుకుని తిరిగి వెళ్లింది. మళ్లీ నిశ్శబ్దం. కాటుక ఆ నిశ్శబ్దంలో చెవులు రిక్కించింది. కుడి పక్క బొగ్గు ఊపిరి. ఎడమ పక్క మినుము ఊపిరి. వస్తోంది, పోతోంది.

"ఎవరి ఊపిరి ఎవరిదో విడివిడిగా వినపడుతోందమ్మా," అంది కాటుక.

"అవునే," అంది నల్లేరవ్వ. "ఆ రోజు కూడా ఇలా వినపడి ఉంటే..."

కాటుక దగ్గరికి జరిగి తల్లి మెడ మీద తల పెట్టింది. తరవాత ఇద్దరూ కలిసి, పిల్లలు లేచేదాకా, వాళ్ల ఊపిరి వింటూ కూర్చున్నారు.

అయిపోయింది. ఇక లేవండి. వెళ్లి ముక్కు శుభ్రంగా కడుక్కు రండి. ఒరేయ్, చెరువులో కాదురా, కుళాయి దగ్గర!

నీతి: ప్రేమతో చేసినా తప్పు తప్పే, అది తెలిసిన రోజునే నలుగురిలో ఒప్పుకుని మానేసినవారే నిజమైన పెద్దలు.